సూదమ్మ గుమ్మంలో బండరాయి

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక రాళ్ళగుట్ట. గుట్ట కింద బొరియలో సూదమ్మ అనే ముళ్ళపంది కాపురం ఉండేది. దానికి ఇద్దరు పిల్లలు. వానాకాలం వస్తోందని, నెలరోజులు తిరిగి తిరిగి దుంపలు తవ్వి తెచ్చి బొరియ నిండా దాచుకుంది.

గుట్ట మీద కోటన్న అనే అడవిదున్న తిరిగేవాడు. మంచి వయసు, మంచి బలం. పనే లేదు. కొమ్ములతో బండరాళ్ళు కిందికి తొయ్యడం, అవి దడదడమని దొర్లుతుంటే పడీపడీ నవ్వడం, ఇదే వాడి సరదా. కింద ఎవరున్నారో ఒక్కనాడూ తొంగి చూడలేదు.

ఒకరోజు అలా తోసిన బండ ఒకటి వచ్చి సూదమ్మ గుమ్మంలో కూర్చుంది. దుంపలన్నీ లోపలే ఉండిపోయాయి. వాకిట్లో ఆడుకుంటున్న బుల్లి అనే చిన్నపిల్ల కాలు బండ అంచు కింద నలిగింది.

సూదమ్మ ఏడ్చుకుంటూ న్యాయస్థానానికి పరుగెత్తింది. అక్కడ న్యాయాధికారి నెమలిదొర. భటులు రెండు ఏనుగులు.

"అయ్యా, నా ఇల్లు..." అని మొదలుపెట్టింది సూదమ్మ.

"ఆగవమ్మా!" అన్నాడు నెమలిదొర. "ఇక్కడ దెబ్బ తగిలింది నీ ఇంటికి కాదు, అడవి చట్టానికి. పాపం, చట్టం ఎంత నొచ్చుకుందో నీకేం తెలుసు? నువ్వు సాక్షివి. అలా పక్కన నిలబడు."

సూదమ్మ పక్కన నిలబడింది. ఏనుగులు కోటన్నను పట్టుకొచ్చాయి.

"బండ తోశావా?"

"తోశాను దొరా."

"మూడు రోజులు మేత లేకుండా చెట్టుకు కట్టెయ్యండి!" అని నెమలిదొర పురి విప్పాడు. జంతువులన్నీ ఆహా ఓహో అన్నాయి. న్యాయం జరిగిందని సంతోషంగా ఇళ్ళకు వెళ్ళాయి.

సూదమ్మ కూడా వెళ్ళింది. కాకపోతే తనకు ఇల్లు లేదు. బండ అక్కడే ఉంది. పిల్లలు పొద కింద ముడుచుకుని కూర్చున్నారు.

మూడు రోజులయ్యాక సూదమ్మ మళ్ళీ వచ్చింది. "దొరా, బండ ఇంకా..."

"చాల్లేదా శిక్ష? నాకూ అలాగే అనిపించింది," అన్నాడు నెమలిదొర. "వాడి ఒంటికి బురద పూసి అడవంతా తిప్పండి!"

తిప్పారు. దారిపొడుగునా అందరూ "ఇల్లు కూల్చినోడా!" అని అరిచారు. కోటన్న మొదట తల దించుకున్నాడు. రెండో మలుపు దగ్గర తల ఎత్తాడు. మూడో మలుపు దగ్గర కొమ్ములు విసిరాడు. "ఈసారి ఇంకా పెద్ద బండ తోస్తా చూడండి!" అని అరిచాడు.

సూదమ్మ ఒక ఏనుగు దగ్గరికి వెళ్ళి, "అన్నా, నీకు తొండంతో ఒక్క తోపు పని. ఆ రాయి కాస్త జరిపిపెట్టవూ?" అని బతిమాలింది.

"మేం శిక్షలు వెయ్యడానికి ఉన్నామమ్మా," అంది ఏనుగు. "రాళ్ళు తియ్యమని మాకు ఆజ్ఞ లేదు."

ఆకాశంలో మబ్బులు కమ్ముతున్నాయి. బుల్లి కాలు వాచింది. మూడోసారి సూదమ్మ బుల్లిని వీపు మీద మోసుకుని న్యాయస్థానానికి వచ్చింది. ముళ్ళ మీద కూర్చున్న పిల్ల కుంయ్‌మని కూడా అనలేదు.

ఆ వేళకు నెమలిదొర, "ఇలాంటివాడు ఈ అడవిలోనే ఉండకూడదు. వెళ్ళగొట్టండి!" అంటున్నాడు.

సూదమ్మకు ఇక ఓపిక పోయింది. ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. "వెళ్ళగొట్టండి దొరా! కానీ వాడు వెళ్ళిపోతే నా గుమ్మంలో బండ కూడా వాడితో వెళ్తుందా? ముందు నన్ను వాడితో మాట్లాడనివ్వండి," అంది.

అలా ఎవరూ ఎప్పుడూ అడగలేదు. వద్దనడానికి చట్టంలో ఏముందో నెమలిదొరకు గుర్తు రాలేదు.

సూదమ్మ కోటన్న ముందు నిలబడింది. "ఎందుకు తోశావురా?"

"సరదాకి," అన్నాడు కోటన్న విసురుగా. "ఏదో కన్నం పూడిందట. దానికింత గోలా?"

సూదమ్మ బుల్లిని దింపి నేల మీద నిలబెట్టింది. పిల్ల కోటన్నను చూసి బెదిరిపోయింది. వాచిన కాలు ఈడ్చుకుంటూ తల్లి వెనక్కి నక్కింది.

కోటన్న ఆ కాలువైపు చూశాడు. "ఇది... నా బండ వల్లేనా? పిల్లలున్నారని నాకెవరూ చెప్పలేదే!"

"నువ్వు చూడనూలేదు," అంది సూదమ్మ.

కోటన్న కొమ్ములు దించాడు. "నేనేం చెయ్యాలి అక్కా?"

అన్ని రోజుల్లో ఆ ప్రశ్న అడిగింది వాడొక్కడే. సూదమ్మ గబగబా చెప్పింది. "వాన పడేలోపు బండ తియ్యాలి. కూలిన మట్టి తోడాలి. కాలు నయమయ్యేదాకా నా పిల్లను రోజూ ఏటిదాకా మొయ్యాలి. ఇంకెప్పుడూ గుట్ట మీంచి రాయి తొయ్యనని దాని మొహం చూసి చెప్పాలి."

కోటన్న బుల్లి మొహం చూసి చెప్పాడు. ఆ పని అయ్యేదాకా వెళ్ళగొట్టడం ఆపమన్నాడు నెమలిదొర.

మర్నాడు భుజం దోక్కుపోయేలా బండను నెట్టాడు. అది అంగుళం జరిగింది. చూస్తూ నిలబడ్డ ఏనుగు, "ఆజ్ఞ అయితే లేదు గానీ..." అని గొణుగుతూ తొండం ఆనించింది. బండ పక్కకు పోయింది. సాయంత్రం వాన మొదలయ్యేసరికి పిల్లలు లోపల కూర్చుని దుంపలు తింటున్నారు.

వారం తర్వాత వాన వెలిశాక నెమలిదొర తోక తడవకుండా ఎత్తిపట్టుకుని వచ్చాడు. "అమ్మా, వీణ్ణి క్షమించేశావా?"

"ఇంకా లేదు దొరా. కోపం పూర్తిగా పోలేదు. కానీ భయం పోయింది."

"మరైతే వీడికి అసలు శిక్షే పడలేదన్నమాట!" అని నెమలిదొర దిగులుపడ్డాడు.

ఏటినుంచి బుల్లిని మోసుకొస్తున్న కోటన్న ఆగాడు. "పడింది దొరా. మొదటి నాలుగు రోజులు ఈ పిల్ల నా వీపు మీద వణుకుతూనే కూర్చుంది. మీ చెట్టుకు కట్టించుకోవడమే హాయిగా ఉండేది."

నీతి: తప్పు చేసినవాణ్ణి ఎంత ఏడిపించినా దెబ్బ తిన్నవాళ్ళ కన్నీరు ఆగదు, వాళ్ళకేం కావాలో వాళ్ళనే అడగాలి, పాడుచేసినవాడి చేతనే బాగుచేయించాలి.