ఆపొద్దన్న కారు

ఇంతవరకూ ఎవరి దగ్గరా నోరు విప్పలేదు, ఇక్కడ రాసేస్తున్నా. నేను కారు రిపేరు నేర్చుకున్న వీడియోలన్నీ తమిళంలో ఉండేవి. నాకు తమిళం రాదు. అయినా మా ఇంటికి ఇంజనీరును నేనే. మా నాయన ఓబులేసు వీధంతా చాటేవాడు: "మా ఇంట్లో బుర్రలకు కొదవ లేదు. ఒకరిని సాయమడిగే ఖర్మ మాకు లేదు."

ఆ రోజు తొమ్మిదికి మదనపల్లెలో మా జేజి, అంటే నాయనమ్మ, నాగులమ్మకు కంటి ఆపరేషన్. తప్పితే ఆ డాక్టరు మళ్ళీ మూడు నెలలకు గానీ రాడు. పొద్దున్నే నాయన తాళం తిప్పాడు. కారు గుర్రుగుర్రుమని ఊరుకుంది. ఐదోసారి తిప్పితే స్టార్టయింది గానీ, దయ్యం పట్టినట్టు గడగడ వణికి ఆగిపోయింది.

పక్కింటి మెకానిక్ ఖాసిం, నోట్లో బ్రష్షుతో గోడ మీంచి తొంగి చూశాడు. "ఓబులేసన్నా, నేనొచ్చి చూసేదా?"

"నోటితో చెప్పు చాలు. చేతులు మాకూ ఉన్నాయి."

"చలికి ఇంజను బిగుసుకొనుంటాది. కాస్త వేడెక్కనీ."

అంతే. అమ్మ రెండు బొంతలు తెచ్చి బానెట్టుకు కప్పింది. జేజి తన మంకీ టోపీ విప్పి పక్క అద్దానికి తొడిగింది. "చలి చెవుల్లోంచే కదరా దూరేది!" రెండో అద్దానికి నాయన మఫ్లరు చుట్టాడు.

కారు ఉలకలేదు.

"దానికి ఊపిరాడ్డం లేదన్నా. గాలి పోయే దారి మూసుకుపోయింది," అన్నాడు ఖాసిం.

"జలుబు!" అన్నాను నేను. ఇంజనీరును కదా.

ఇంకేముంది! అమ్మ పసుపు నీళ్ళు మరగబెట్టి కారు ముందు పెట్టింది. నాయన బొంతలోకి తల దూర్చి, "పీల్చు తల్లీ, గట్టిగా పీల్చు," అని కారును బతిమాలాడు. కారు పీల్చలేదు. నాయనే పీల్చి పెద్దగా తుమ్మాడు.

"తుమ్మిందే! ఇంక తేరుకుంటాది," అని జేజి చూపానక కారుకే దండం పెట్టింది.

ఎనిమిదయింది. ఖాసిం ఉండబట్టలేక గోడ దూకాడు. బొంతలు విసిరేశాడు. మట్టి పట్టిన ఎయిర్ ఫిల్టరు పీకి దులిపాడు, ప్లగ్గుల మసి తుడిచాడు. ఒక్క తిప్పుకే కారు స్టార్టయింది.

"లోపల ఇంకా మసుంది, సాయంత్రం కడుగుతా. నిలబెడితే వణికి ఆగిపోతాది. ఎక్కడా ఆపొద్దు, తెలిసిందా?"

"మాటంటే మాటే," అన్నాడు నాయన.

అందరం ఎక్కాం. ఆవు అడ్డొస్తే నాయన ఆవు చుట్టూ తిరిగాడు గానీ ఆపలేదు. పావు తక్కువ తొమ్మిదికి ఆస్పత్రి వచ్చింది. అక్కడా ఆపలేదు. ఆస్పత్రి చుట్టూ ఒక చుట్టు, రెండు చుట్లు.

"ఇదేందయ్యా, దిగొద్దా?" అంది అమ్మ.

"ఖాసిం ఆపొద్దన్నాడు. ఆగితే చచ్చిపోతాది మరి!"

నాకూ సబబే అనిపించింది.

మెట్ల మీద నర్సు పిలిచింది. "నాగులమ్మా! నాగులమ్మెవరు?"

"వస్తాండా తల్లీ, మళ్ళీ చుట్టుకు!" అని జేజి కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఏడో చుట్టుకు ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఈ మాయదారి మసకతో ఇంకా మూడు నెలలా, పాపా?"

గడియారం చూశాను. తొమ్మిదికి ఇంకా రెండు నిమిషాలు. పరువు పోతే పోయిందని ఫోన్ తీశాను. సాయం అడగాల్సిందే. నేరుగా డాక్టరుకే చేస్తాను, సామాన్లు పట్టుకుని గేటు దగ్గర నిలబడమంటాను. మేం మెల్లగానే పోతాం, ఆయన కిటికీ పక్కన పరుగెత్తితే చాలు: ఈ చుట్టుకు చుక్కల మందు, వచ్చే చుట్టుకు ఆపరేషన్.