ఎవరి మాట మీద

అది శ్రావణ బహుళ తదియ, బుధవారం. తెల్లవారకముందే తుంపర పట్టింది. పొద్దెక్కేసరికి తుంపర ఆగి, గాలి పడమటికి తిరిగి, ఏటి మీద మబ్బు పిండని తడిగుడ్డలా వేలాడింది. తిథీ వారమూ ఇంత గట్టిగా చెప్పి ఏడాది ఎందుకు చెప్పరని అడగకండి. ఆ తిథికి పోయినవాళ్ళకు కూడు పెట్టాలి కనక తిథిని జ్ఞాపకం పెట్టుకున్నారు. ఏడాదితో ఎవరికీ పనిలేక వదిలేశారు. రాజులు గుర్రాలెక్కి తిరిగిన కాలమనుకోండి, అంతకు ముందనుకోండి, కథకు వచ్చే లోటు లేదు.

ఉత్తరాన ఒక ఏరు. ఆ ఏటికి ఒక పెద్ద రేవు. ఇవతలి ఒడ్డున సంత, అవతలి ఒడ్డున పల్లెలు. మధ్యలో తిరిగే పడవలన్నీ రేవు కచేరీవే. ఆ రేవులో కొమ్ము ఊదే మనిషి పేరు పైడయ్య.

దున్నపోతు కొమ్ము అది. నోటి దగ్గర ఇత్తడి కట్టు ఉండేది. కొమ్ము ఊదితే పడవ కదలాలి. ఊదకపోతే ఒక్క తాడు విప్పకూడదు. అది రేవు కట్టుబాటు. పైడయ్యకు ఏటి లోతు తెలియదు, గాలి పోకడ తెలియదు. పడవెక్కితే కడుపులో తిప్పేది. చిన్నప్పుడు మేకలు కాసినవాడు కనక ఊపిరి మాత్రం గట్టిది. మేకల్ని పిలిచీ పిలిచీ అలా అయిందని ఆయన భార్య అనేది. ఆమె ఎప్పుడో పోయింది, ఈ కథలో లేదు. సీతాలని ఒక కూతురుంది. సీతాలు మొగుడు గుంపస్వామి ఆ రేవులోనే పడవ నడిపేవాడు.

పడవలు వెళ్ళాలా, ఆగాలా అని తేల్చేవాళ్ళు వేరే. వాళ్ళు ముగ్గురు. ఒకరు రేవు పెద్ద, ఒకరు పడవల పెద్ద, ఒకరు సరుకుల పెద్ద. గట్టు మీది పెంకుటింటి కచేరీలో చాప పరుచుకుని కూర్చునేవారు. మధ్యలో తమలపాకుల పెట్టె. పనసచెక్క పెట్టె, పాతది, మూత కాస్త బిగువు. వాన పట్టినప్పుడూ, ఏరు పొంగినప్పుడూ ఆ పెట్టె చేతులు మారేది. ఒకరు ఆకు తీసుకుని సున్నం రాస్తూ ఇంకొకరి మొహం చూసేవారు. ఆయన మూడో ఆయన మొహం చూసేవాడు. నోరు తెరిచి అవునని గానీ కాదని గానీ ముందుగా అన్నవాడు ఆ కచేరీలో ఎన్నడూ లేడు. నోట్లో ఆకు ఉంటే మాట్లాడకపోవడానికి అందమైన సాకు కూడా దొరుకుతుంది. పెట్టె ముగ్గురి దగ్గరా తిరిగి రేవు పెద్ద ముందుకొచ్చాక, ఎవరూ కాదనలేదు కనక, మూత పడేది. మూత పడితే నిర్ణయం అయిపోయినట్టే. అరుగు మీద నిలబడ్డ బంట్రోతు తువ్వాలు ఊపేవాడు. తువ్వాలు చూసి పైడయ్య కొమ్ము ఊదేవాడు.

ఆ బుధవారమూ అంతే. పెట్టె తిరిగింది, మూత పడింది, తువ్వాలు ఊగింది, పైడయ్య కొమ్ము ఊదాడు.

ముందు పడవ గుంపస్వామిది. మామను చూసి పడవ తోసే గెడ ఎత్తి, "మావా, ఇయ్యాల నీ ఊపిరి పీలగా ఉంది, రాత్రి కూడు తినలేదేటి?" అని నవ్వాడు. నడి ఏట్లో ఎగువ నీరు వచ్చిపడింది. పడవ తిరగబడింది. ఎక్కినవాళ్ళలో ఈదగలిగిన కొద్దిమంది ఒడ్డు పట్టారు. గుంపస్వామి ఈదగలడు. కానీ చేతిలో ఎవరి పిల్లో ఉందట, వదల్లేదట.

కర్మ అయ్యాక పైడయ్య కూతురింటికి వెళ్ళాడు. సీతాలు గడపలో అడ్డంగా నిలబడింది.

"ఎవరి మాట మీద ఊదినావయ్యా?"

"తువ్వాలు ఊగింది, అమ్మా."

"తువ్వాలుకి నోరుందేటి? ఎవరి మాట మీద?"

పైడయ్య తల గోక్కున్నాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆయనకు రాలేదు.

"పేరు తీసుకురా. నా మొగుణ్ణి ఏట్లోకి పంపిన మనిషి పేరు. అంతవరకూ ఈ గడప తొక్కకు."

పైడయ్య ముందు పడవల పెద్ద గుమ్మానికి వెళ్ళాడు. పడవల పెద్ద మంచి మనిషే. లోపలికి పిలిచి మజ్జిగ ఇప్పించాడు. "నాకైతే పంపొద్దనే ఉందిరా పైడిగా. గాలి నాకు నచ్చలేదు. కానీ సంతరోజు కదా, సరుకుల పెద్ద ఆగుతాడా? రేవు పెద్ద తొందరలో ఉన్నట్టు కనబడ్డారు. నేనెందుకు అడ్డం పడాలని ఊరుకున్నాను," అన్నాడు.

"అయితే మీ మాట కాదా బాబూ?"

"నా మాట ఎలా అవుతుంది? నేను నోరే విప్పలేదు."

పైడయ్య సరుకుల పెద్ద గుమ్మానికి వెళ్ళాడు. ఆయన వీధరుగు మీద కాళ్ళు పట్టించుకుంటున్నాడు. "సరుకు తడిస్తే మాట పడేది నేను. ఆ రోజు ఆపేస్తే నాకు సుఖమే. కానీ పడవల సంగతి పడవల పెద్దకి తెలియాలి గానీ నాకేం తెలుసు? ఆయన కిమ్మనలేదు. కిమ్మనలేదంటే పరవాలేదనే కదా," అన్నాడు.

"అయితే మీ మాట కాదా బాబూ?"

"కాదు కాదు. నువ్వు వేరే గుమ్మం చూసుకో."

పైడయ్య రేవు పెద్ద గుమ్మానికి వెళ్ళాడు. పెద్ద మండువా ఇల్లు. పిలుపు వచ్చేదాకా ఎండలో నిలబెట్టారు. రేవు పెద్దకు వయసు మళ్ళింది, ఆ ప్రమాదం తర్వాత తిండి సయించడం లేదని అనుకునేవారు. అది నిజమే. మనుషులు పోతే ఆయనకూ బాధే.

"వాళ్ళిద్దరిలో ఒక్కడు వద్దంటే ఆపేవాణ్ణిరా. ఆపడానికి సిద్ధంగా ఉన్నాను కూడా. ఒక్కడూ అనలేదు. వెళ్ళాలని వాళ్ళకుంటే నేనొక్కణ్ణీ పిరికివాణ్ణి కావడమెందుకనుకున్నాను. మూత పడింది."

"మూత ఎవరు వేశారు బాబూ?"

రేవు పెద్ద తన చేతివైపు చూసుకున్నాడు. "చెయ్యి నాదే. మాట నాది కాదు."

పైడయ్య మూడు గుమ్మాలూ దిగి కూతురి గుమ్మానికి వచ్చాడు. "ముగ్గురికీ పంపొద్దనే ఉందమ్మా," అన్నాడు.

"మరి ఎవరు పంపారయ్యా?" అని, సీతాలు తలుపు వేసుకుంది.

ఏడాది తిరిగింది. ఆ ఏడాదంతా పైడయ్య కూతురి వీధిలోంచి వెళ్ళకుండా చుట్టు తిరిగి రేవుకు పోయేవాడు. మళ్ళీ శ్రావణం వచ్చింది, మళ్ళీ తుంపర పట్టింది, మళ్ళీ మబ్బు వేలాడింది. కచేరీలో పెట్టె తిరిగింది, మూత పడింది, తువ్వాలు ఊగింది.

పైడయ్య కొమ్ము ఊదలేదు.

కొమ్ము చంకలో పెట్టుకుని గట్టెక్కి కచేరీ గుమ్మంలో నిలబడ్డాడు. "ఎవరి మాట మీద ఊదను బాబూ?"

ముగ్గురూ ఆకు నమలడం ఆపారు. సరుకుల పెద్ద ముందు తేరుకున్నాడు. "ఏరా, ఇన్నాళ్ళకి నీకు పేర్లు కావలసివచ్చాయా? ఇదేమన్నా పెళ్ళిపిలుపా, పేరు పేరునా చెప్పడానికి?"

"ఎవరిదో ఒకరిది చెప్పండి. ఆ పేరు మీద ఊదుతాను."

సరుకుల పెద్ద పడవల పెద్దను చూశాడు. పడవల పెద్ద రేవు పెద్దను చూశాడు. రేవు పెద్ద పెట్టెను చూశాడు. పైడయ్య కిందికి దిగివచ్చి, తాళ్ళు కట్టే రాటకు చేరబడి, కొమ్ము ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బంట్రోతు మళ్ళీ తువ్వాలు ఊపాడు. ఇంకోసారి ఊపాడు. చెయ్యి నొప్పి పుట్టి మానేశాడు.

ఇక్కడ పైడయ్యకు ఏదో ముందే తెలిసిందని చెప్పుకునేవాళ్ళున్నారు. చనిపోయిన అల్లుడు కలలో కనబడి చెప్పాడని ఒక ఊళ్ళో అంటారు. అదంతా కల్పన. ఆయనకేమీ తెలియదు. ఆ రోజు ఏరు పొంగనూ లేదు. కాసేపటికి తుంపర వెలిసి ఎండ వచ్చింది. నీళ్ళు తాంబాళంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి.

అవతలి పల్లె నుంచి సన్యాసి అనే కుర్ర రైతు తుంపర పట్టకముందే మొదటి పడవలో వచ్చాడు. పెళ్ళాం నొప్పులు పడుతోంది, బిడ్డ అడ్డం తిరిగింది. ఇవతలి ఒడ్డున ఉన్న మంత్రసానిని వెంటబెట్టుకుని రేవుకు వచ్చేసరికి పడవలు ఆగి ఉన్నాయి.

రేవులోవాళ్ళు పేరు సంగతి చెబితే సన్యాసి కచేరీకి పరుగెత్తాడు. "బాబూ, ఒక్క పేరు చెప్పండి, వెళ్ళిపోతాను."

"మేం ఆపలేదయ్యా," అన్నాడు రేవు పెద్ద. "తువ్వాలు ఊపించాం. ఊదనిది వాడు. వాణ్ణి అడుగు."

సన్యాసి పైడయ్య కాళ్ళ మీద పడ్డాడు. "మావా, దాని ప్రాణం పోతంది. ఊదు మావా."

పైడయ్య కొమ్ము పెదాల దాకా ఎత్తాడు. ఏటి మీద గుంపస్వామి గెడ ఎత్తి నవ్వినట్టే అనిపించింది. పడవలో మంత్రసాని ఉంటుంది, ఈ కుర్రాడుంటాడు, ఇంకా ఎవరెవరో ఉంటారు. కొమ్ము దించాడు. "ఒక్క పేరు అడిగినాన్రా నాయనా. ఒక్క పేరు," అన్నాడు. సన్యాసి మళ్ళీ గట్టెక్కాడు, మళ్ళీ దిగాడు. గట్టుకూ నీటికీ మధ్య అలా తిరుగుతుంటే బురదలో అతని అడుగులతో ఒక దారి పడింది.

పొద్దు పడమటికి వాలింది. పైడయ్య లేచాడు. కచేరీవైపు తిరిగి చూశాడు. అరుగు మీద ముగ్గురూ నిలబడి ఉన్నారు. ఎవరి నోరూ కదల్లేదు.

"అయితే నా మాట," అన్నాడు పైడయ్య. రేవంతా వినేటట్టు మళ్ళీ అన్నాడు. "కొమ్ము పైడయ్య మాట మీద." ఊదాడు. ఊది, కొమ్ము నేల మీద పెట్టి, కడుపులో తిప్పుతున్నా మొదటి పడవెక్కి కూర్చున్నాడు.

పడవ అవతలి ఒడ్డు చేరింది. బిడ్డ బతికింది. తల్లి బతకలేదు. కాస్త ముందొస్తే దక్కేదని మంత్రసాని అంది.

మర్నాడు పల్లె జనం కోపంతో రేవు మీదికి వచ్చారు. "పడవలు ఆపిందెవరు?" అని అడిగారు. రేవు పెద్ద తాను ఆపలేదన్నాడు. పడవల పెద్ద తాను నోరే విప్పలేదన్నాడు. సరుకుల పెద్ద సరుకు సంగతి తప్ప తనకేదీ తెలియదన్నాడు.

"ఆపింది నేను. పంపింది నేను. రెండూ నా మాటే," అన్నాడు పైడయ్య.

ఆ రేవులో అలాంటి మాట అంతకుముందు ఎవరూ విని ఉండలేదు. సన్యాసి చేతిలో గెడ ఉంది. దాంతో పైడయ్య భుజం మీద ఒక్క దెబ్బ వేశాడు. రెండో దెబ్బకు ఎత్తి, వెయ్యలేక, గెడ పారేసి ఏడ్చాడు. కచేరీవాళ్ళు కొమ్ము పట్టుకుపోయి పైడయ్యను కొలువులోంచి తీసేశారు. ఎవరు తీసేశారంటే, పెట్టె తిరిగింది, మూత పడింది.

ఆ సాయంత్రం పైడయ్య కూతురి వీధిలోంచి నడిచాడు. సీతాలు గడపలో ఉంది.

"పేరు తేలేకపోయినానమ్మా."

"తెలుసు," అంది సీతాలు, గడపలోంచి పక్కకు జరుగుతూ. "గంజి సల్లారిపోతంది, రా."

దెబ్బ తగిలిన భుజం చీము పట్టింది. మార్గశిరం చలిలో పైడయ్య పోయాడు. కచేరీ నుంచి ఎవరూ రాలేదు. సన్యాసి వచ్చి పాడె మోశాడు. తోవలో ఎవరో, "నీ పెళ్ళాం చావుకు కారకుడు కదరా, ఎందుకు మోస్తున్నావు?" అన్నారు. "అవును, ఆడే," అన్నాడు సన్యాసి. "తిట్టడానికి నాకో మనిషి ఉన్నాడు. అది కూడా లేనోళ్ళు ఈ రేవులో చాలామంది ఉన్నారు."

మరుసటి వానాకాలం కొత్తవాడు కొమ్ము ఊదాడు. ఒక్క పడవా కదల్లేదు. తాళ్ళు పట్టుకున్న పడవవాళ్ళు కచేరీవైపు తిరిగి, "ఎవరి మాట మీద?" అని అడిగారు. ఆ రోజు పోయింది, మర్నాడూ అలాగే గడిచింది. చివరికి పడవల పెద్ద, పంచె మోకాళ్ళ మీదికి ఎత్తుకుని, బురదలో దిగివచ్చి కొమ్ము మీద చెయ్యి వేశాడు. తన పేరు తాను చెప్పుకున్నాడు.

అప్పటినుంచీ ఆ రేవులో అదే కట్టుబాటు. ఏరు పొంగినప్పుడు పడవ వదలమన్న మనిషి, ఆపమన్న మనిషి, కిందికి దిగివచ్చి, కొమ్ము పట్టుకుని, తన పేరు చెప్పాలి. ఆ తర్వాత పడవలు మునగలేదా అంటే మునిగాయి. పేరు చెప్పినంత మాత్రాన ఏరు ఆగదు. ఏ గుమ్మం ముందు నిలబడి ఏడవాలో మాత్రం పోయినవాళ్ళ మనుషులకు తెలిసింది. ఇప్పుడక్కడ వంతెన పడింది, పడవలు లేవు. అయినా ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పదిమంది కూర్చుని ఏదైనా తేల్చేటప్పుడు, అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే, ఎవరో ఒక ముసలామె, "కొమ్ము ఎవరు పట్టుకుంటారు?" అని అడుగుతుంది.

రేవు పెద్ద పదవి ఆయన కొడుక్కు వచ్చింది, మండువా ఇల్లూ వచ్చింది. తమలపాకుల పెట్టె సరుకుల పెద్ద ఇంటికి చేరింది. పడవల పెద్ద మామిడితోట అల్లుళ్ళు పంచుకున్నారు. కొమ్ము రేవుది కనక రేవుకే ఉండిపోయింది. పైడయ్య గొంగడి తల్లిలేని ఆ బిడ్డకు కప్పారు. గుడిసే, మేకా సీతాలుకు వచ్చాయి.

ఆమె అడిగిన పేరు మాత్రం రాలేదు. ముసలిదై పోయేదాకా ప్రతి శ్రావణ బహుళ తదియకూ గుంపస్వామికి కూడు పెట్టి, ఆ ముగ్గురి గుమ్మాల ముందూ కాసేపు నిలబడి వచ్చేది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.