గాడ్రిక్ పోయాక అతని రొట్టె

ఆస్‌బర్ట్‌కి కడుపు మండిపోతోంది. సగం ఆకలితో, సగం అక్కసుతో.

వెనకటి రోజుల్లో ఇంగ్లండులో, గాలి తప్ప చుట్టం రాని ఓ కొండపక్కన థోర్న్‌వెల్ అనే మఠం ఉండేది. ఎంత చిన్నదంటే, ఒక సన్యాసి తుమ్మితే మఠంలో దీపాలన్నీ ఆరిపోయేవి. ఆ ఏడు పంటలు పోయాయి. మనిషికి ఓ రొట్టె ముక్క, ఇంత గంజి. ఆ గంజిలో ముఖం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు.

ఆ మఠానికో ఆచారం ఉంది. ఎవరైనా సన్యాసి పోతే, నెలరోజులపాటు అతని చోట భోజనం వడ్డిస్తారు. ఆ ఖాళీ చోటు వాటాని బయటి తలుపు దగ్గర కాచుకున్న పేదలకిచ్చి, పోయినవాడి ఆత్మ కోసం ప్రార్థించమంటారు.

మొన్ననే సరుకులగది చూసే గాడ్రిక్ పోయాడు. బతికినన్నాళ్ళూ చీమకి కూడా గింజ దొరకనివ్వని మహానుభావుడు. ఇప్పుడు అతని పేర రోజూ రొట్టె బయటికి పోతోంది.

అక్కడి సన్యాసే అయిన ఆస్‌బర్ట్ ఉండబట్టలేక మఠం పెద్ద వుల్‌స్టన్ దగ్గరికి వెళ్ళాడు.

"తండ్రీ, పొలం దున్నేది నేను. కట్టెలు కొట్టేది నేను. నాలా ఒళ్ళు వంచేవాడు ఇక్కడ ఇంకొకడున్నాడా? పోయినవాడి రొట్టె ఊళ్ళోవాళ్ళకా?"

"నీకు కావాలా నాయనా?"

"న్యాయంగా అది నాదే."

"అయితే వెళ్ళి అతని చోట కూర్చో."

భోజనాల వేళ ఆస్‌బర్ట్ అక్కడే కూర్చున్నాడు. వడ్డించేవాడు అలవాటుగా ఆస్‌బర్ట్ చోట కూడా రొట్టె, గంజి పెట్టాడు. ఇదీ తిని అదీ తిందామని ఆస్‌బర్ట్ గబగబా గాడ్రిక్ రొట్టె నోట్లో కుక్కుకున్నాడు. ఇంతలో వుల్‌స్టన్ లేచి ఆ రెండో వాటా పట్టుకుని బయటికి నడిచాడు.

"తండ్రీ, అది నాది!"

"ఖాళీ చోటుది."

ఆస్‌బర్ట్ నములుతూనే వెంటపడ్డాడు. తలుపు చాటున ఆగిపోయాడు. అవతల ఈడిత్ అనే ముసలిది నిలబడి ఉంది. బాగా గాలొస్తే ఎగిరిపోయేంత మనిషి.

"ఇవాళా గాడ్రిక్ అయ్యగారిదేనా?"

"కాదమ్మా. ఆస్‌బర్ట్ వాటా."

"అయ్యో, ఆయన కూడానా! ఎడ్లని తిట్టేవాడు, ఆయనేగా?" ముసలిది రొట్టె పుచ్చుకుని మంచులోనే మోకరిల్లింది. "ఊరికే తినకూడదు బాబూ. ఆయన ఎవరికేం మేలు చేశాడో చెప్పండి. దేవుడికి ఆ మాట చెప్పి వేడుకుంటాను."

ముసలిది చేతులు జోడించుకుని అలాగే ఎదురుచూస్తోంది.

వుల్‌స్టన్ తలుపు చాటుకి తల తిప్పి మెల్లగా అడిగాడు.

"ఏం చెప్పమంటావు నాయనా?"

ఆస్‌బర్ట్ నమలడం ఆపేశాడు.