బంటయ్య దాచిన నెత్తురు

కొండ కింద కల్లుపాక వెలిసినప్పటి నుంచి ఎలుగుబంటి బంటయ్య తిండి మారిపోయింది. అంతకుముందు పళ్ళూ దుంపలూ వెతుక్కుంటూ కొండంతా తిరిగేవాడు. ఇప్పుడు పాక వెనక పారేసిన ఉప్పుకండలూ, మాడిన మాంసం ముక్కలూ, కుండల్లో మిగిలిన కల్లూ నక్క జిత్తన్నే బంటయ్య గుహ దగ్గరికి తెచ్చిపెడుతున్నాడు. బదులుగా బంటయ్య తోపులోని నేరేడుపళ్ళు, పుట్టతేనె అన్నీ జిత్తన్నవే.

"కూర్చున్నచోటికే వస్తుంటే ఇంకా తిరుగుడెందుకు బావా?" అనేవాడు నక్క.

బంటయ్యకూ అది బాగానే ఉండేది. ఒకరోజు పొద్దున్నే పొదల చాటుకు వెళ్ళినప్పుడు మలంలో నెత్తురు కనిపించేదాకా.

రెండేళ్ళ కిందట అన్న పెంటయ్యకూ ఇలాగే మొదలైంది. ఎవరికీ చెప్పుకోలేక, చిక్కి శల్యమై, కడుపు పట్టుకుని పోయాడు. బంటయ్య గబగబా మన్ను కప్పేసి వచ్చి, సిగ్గు చంపుకుని ఒక్క నక్కకే చెప్పాడు.

"ఓస్, ఇంతేనా! వేడి చేసింది బావా. మొలలయ్యుంటాయి."

"ఏటి ఒడ్డున వైద్యం చేసే కొంగమ్మకు చూపించుకుంటే?"

"అక్కడికా! ఎక్కడ ముక్కు పెట్టి చూస్తుందో తెలుసా? అడవంతా నవ్వుతుంది. ఇంత లావు ఎలుగుబంటివి, పరువు పోదూ?"

బంటయ్య నోరు మూసుకున్నాడు.

పెళ్ళాం చుక్కమ్మ మాత్రం కళ్ళు మూసుకోలేదు. మొగుడు నాలుగడుగులు వేస్తే రొప్పుతున్నాడు. ఆ పొదల్లోకి వెళ్ళి, మన్ను తీసి, నెత్తురు తనే చూసింది. అడిగితే కసురుకున్నాడు.

ఆ వారంలోనే ఆమె ఏటికి నీళ్ళకు వెళ్ళి, ఒక వింత చూసి, పరుగున తిరిగొచ్చింది.

"ఏమయ్యా, రెల్లు దుబ్బుల్లో ఇంత పుట్టతేనె ఉంది, లే!"

తేనె పేరు వినగానే బంటయ్య లేచాడు. రెల్లు చాటుకు చేరగానే చుక్కమ్మ అతని నోరు నొక్కిపట్టింది. "తేనె లేదు, ఏమీ లేదు. అటు చూడు."

ఇసుకలో నక్క జిత్తన్న తోక పైకెత్తుకుని బోర్లా పడుకున్నాడు. వెనక కొంగ ధవళమ్మ ముక్కు కడుక్కుంటోంది.

"ఈసారీ శుభ్రంగానే ఉంది. మీ నాన్నకొచ్చిన జబ్బు కదా, చెప్పిన గడువుకు వస్తూనే ఉండు. ఆ ఉప్పుకండలు ముట్టడం లేదుగా?"

"అయ్యో, ఒక్కటీ ముట్టనమ్మా. అవన్నీ మా బావకే పెడుతున్నా. నేను పళ్ళే తింటా."

బంటయ్యకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది. ఆ ఏడుపుతోనే రెల్లు చీల్చుకుని బయటికొచ్చాడు. నక్క ఒక్క దూకు దూకి పారిపోయాడు.

"అమ్మా, నన్నూ చూడు. మా అన్న దీంతోనే పోయాడు."

"అన్న పోయినప్పుడే రావాల్సింది నాయనా," అంది ధవళమ్మ మెత్తగా. "పడుకో. భయపడకు."

చాలాసేపు చూసింది. పేగు లోపలి గోడకు చిన్న పుట్టగొడుగులా కండ మొలిచి ఉంది. ముక్కుతో మొదలంటా తుంచి బయటికి తీసింది.

"ఇంకా చెడ్డగా మారలేదు. మరికొన్నేళ్ళు దాచుకుని ఉంటే నా చేతిలో ఉండేది కాదు."

చుక్కమ్మ మొగుడి పాదం పట్టుకుని వదల్లేదు.

"ఇంక రాదా అమ్మా?" అన్నాడు బంటయ్య.

"రాదని నేను చెప్పలేను. కల్లు మానెయ్, ఉప్పుకండలు మానెయ్. పళ్ళూ ఆకులూ తిను, కొండెక్కి దిగు. రాకుండా ఉండేందుకు అది సాయం. మళ్ళీ ఎప్పుడు రావాలో నేను చెప్తా, తప్పకుండా రా."

ఆ సాయంత్రం నీళ్ళ రేవులో జంతువులన్నీ ఉండగా బంటయ్య గొంతు సవరించుకుని, నెత్తురు ఎక్కడ పడిందో, కొంగమ్మ ఎక్కడ చూసిందో, అంతా విప్పి చెప్పాడు. ఒక్కరూ నవ్వలేదు. ముసలి అడవిపంది ఒకటి పక్కకొచ్చి మెల్లగా అడిగింది: "కొంగమ్మ ఏ వేళకు ఉంటుంది నాయనా?"

మర్నాడు జిత్తన్న ఏమీ ఎరగనట్టు పళ్ళ కోసం తోపుకొచ్చాడు. చెట్టు కింద బంటయ్య కుటుంబం కూర్చుని తింటోంది.

"నీ ఒంటికి ఏది మంచిదో నీకు బాగా తెలుసు జిత్తన్నా," అన్నాడు బంటయ్య. "నాకు ఒక్క మాట చెప్పి ఉంటే ఈ పళ్ళలో సగం ఎప్పటికీ నీవే అయ్యేవి."

జిత్తన్న వట్టి నోటితో కొండ దిగాడు.

నీతి: చెప్పుకోవడానికి సిగ్గుపడే జబ్బునే అన్నిటికంటే ముందు చూపించుకోవాలి.