గాజుల నాంచారి అడిగిన మాట

రాళ్ళింకా మెత్తగా ఉన్న రోజులట. ఏరులకింకా పేర్లు పెట్టని రోజులట. విన్నవారు చెప్పగా నేను విన్నాను. నేను చెప్పగా మీరు వినండి.

ఒక ఏటి ఒడ్డున మూడు ఊళ్ళు ఉండేవి. మూడు ఊళ్ళకూ ఒక్కడే దొర. మూడు ఊళ్ళకూ ఒక్కతే గాజులమ్మ. ఆమె పేరు నాంచారి. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి. గాజుల మలారం భుజాన వేసుకొని వీధివీధీ తిరిగేది. ఏ చేతికి ఏ కొలత గాజు పడుతుందో కళ్ళు మూసుకొని చెప్పగలిగేది.

"ఇది చెయ్యి కాదే తల్లీ, రోకలిబండ!" అని నవ్వించి, ఆ నవ్వులోనే గాజు ఎక్కించేది.

మూడు ఊళ్ళలోనూ ముగ్గురు అమ్మవార్లు ఉండేవారు. వారు పుట్టుకతో అమ్మవార్లు కారు. మొదటి ఊరి తల్లి నీళ్ళకు వెళ్ళి చెడిపోయిందట. నిప్పుల గుండంలో దిగి అమ్మవారైంది. రెండవ ఊరి తల్లి కట్టెలకు వెళ్ళి చెడిపోయిందట. నూతిలో దిగి అమ్మవారైంది. మూడవ ఊరి తల్లి సంతకు వెళ్ళి చెడిపోయిందట. నేల చీలి ఆమెను లోపలికి తీసుకుంది. ఏటేటా జాతరలో కొమ్మయ్య అనే పాటగాడు జముకు వాయిస్తూ ఈ మూడు కథలూ పాడేవాడు. జనం కన్నీరు పెట్టేవారు. నాంచారి కూడా పెట్టేది. అది తప్పని ఆమెకు అప్పటికి తోచలేదు.

ఒకనాడు గొర్రెలవారి కోడలు సిద్ది మేత కోయడానికి ఏటిగట్టుకు వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు మేత లేదు, కొడవలి లేదు, చేతులకు గాజులు లేవు. గడప బయటే కూర్చుండిపోయింది. అత్త చూసింది. ఇరుగువారు చూశారు. పొరుగువారు చూశారు. ఏం జరిగిందని ఒక్కరూ అడగలేదు.

"సిద్ది చెడిపోయింది," అన్నారు. కుండలో పాలు విరిగాయన్నట్టుగా అన్నారు.

దొర మూడు ఊళ్ళవారినీ పిలిపించాడు. ఆయన పక్కన తమ్ముడు చిన్నదొర కూర్చున్నాడు.

"విచారించకండి," అన్నాడు దొర. "మనకు నాలుగో అమ్మవారు దొరికింది. గుండం తవ్వండి."

సిద్ది అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. "చెడిపోయిన కోడలితో నేనేం వేగను, దొరా? అమ్మవారైతే ఏడాదికొకసారి దండం పెట్టుకుంటాను."

గుండం తవ్వారు. నిప్పులు పోశారు. అయితే ఆ కాలపు ఆచారం ఒకటుంది. గుండంలో దిగే స్త్రీకి మోచేతులదాకా కొత్త గాజులు తొడగాలి. బోసి చేతులతో దిగితే అమ్మవారు కాదు, దయ్యమై ఊరిని పట్టుకుంటుందని భయం. అందుచేత నాంచారికి కబురు వెళ్ళింది.

నాంచారి వచ్చింది. మలారం దించింది. సిద్ది చేతిని తన చేతిలోకి తీసుకుంది. నాంచారి వంగి, మెల్లగా ఏదో అడిగింది. సిద్ది ఆమె చెవిలో మెల్లగా ఏదో చెప్పింది. చివరికి మాత్రం కొంచెం పైకే అంది:

"నాకు బతకాలని ఉంది, నాంచారత్తా."

నాంచారి గాజు కింద పెట్టింది.

"ఏమే, తొడగవేం?" అన్నాడు దొర.

"తొడుగుతాను, దొరా. మొన్ననే ఈ చేతులకు పన్నెండు గాజులు తొడిగాను. అవేమయ్యాయి?"

"చిట్లాయి."

"ఎవరు చిట్లగొట్టారు?"

"గాజన్నాక చిట్లుతుంది. గాజులమ్మవు, నీకు తెలియదా?"

జనం నవ్వారు. నాంచారి నవ్వలేదు. పాటగాడివైపు తిరిగింది.

"కొమ్మయ్యన్నా, నీ మూడు పాటలూ నాకు నోటికి వచ్చు. నీళ్ళకు వెళ్ళిన తల్లిని పాడుచేసినవాడెవరు?"

"ఒక... కామాంధుడు."

"కట్టెలకు వెళ్ళిన తల్లిని?"

"ఒక రాక్షసుడని పెద్దలు చెప్పారమ్మా."

"సంతకు వెళ్ళిన తల్లిని?"

"ఆ పాటలో... చెడు ఘడియ అని ఉంది."

"ముగ్గురిలో ఒక్కడికీ పేరు లేదా?"

"ప్రాస కుదరలేదు, చెల్లీ."

"ఆ తల్లుల నడుము మీద నాలుగేసి చరణాలు కుదిరాయే! వాడి పేరుకు ఒక్క పాదం కుదరలేదా?"

కొమ్మయ్య జముకు మీద చెయ్యి ఆనించి తల దించుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నాంచారీ!" అని దొర అరిచాడు. "చెడిపోయిన దాన్ని దేవతను చేస్తున్నాం. అడ్డుపడకు."

నాంచారి లేచి నిలబడింది.

"సిద్ది చెడిపోలేదు. సిద్దిని చెరిచారు. చెరిచినవాడు రాక్షసుడు కాడు, ఘడియ కాదు. మీ తమ్ముడు. నేను అడిగాను, ఆమె చెప్పింది. మీరెవరూ అడగలేదు గనుక మీకు తెలియదు. ఈ చేతులకు నేను గాజులు తొడగను."

మూడు ఊళ్ళవారూ ఆ మాట విన్నారు. దొర తెలివైనవాడు. ఇప్పుడు సిద్ది గుండంలో దిగితే పాట పుడుతుంది. పాట పుడితే అందులో ఆ పేరు ఉంటుంది.

"దీన్ని ఏరు దాటించండి," అన్నాడు. "పుట్టింట పడి ఉంటుంది."

కొమ్మయ్యే ముందుకు వచ్చి సిద్దిని తీసుకువెళ్ళాడు. సిద్ది బతికింది.

ఇక నాంచారి సంగతి. దొర ఆమెవైపు వేలెత్తి చూపలేదు. "దీని నోరు ఊరికి అరిష్టం," అని మాత్రం అని, తమ్ముడితో కలిసి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం జరిగిన దానిని ఊరివారు చాలా కాలం ఇలా చెప్పుకున్నారు: "పొలిమేర దగ్గర రాళ్ళు పడ్డాయి. నాంచారి పోయింది."

నేను అలా చెప్పను. ఊరివారు రాళ్ళు వేశారు. నాంచారిని చంపారు. వేసినవారిలో ఆమె గాజులు తొడిగిన చేతులు కూడా ఉన్నాయి.

చిన్నదొరకు ఏ కీడూ జరగలేదు. అతనికి పెళ్ళయింది, పిల్లలు కలిగారు, జుట్టు నెరిసింది. అలా కాకుండా చెప్పాలని నాకూ ఉంది. కాని కథ అలా లేదు.

మరుసటి జాతర నాటికి, నాంచారి దయ్యమై తిరిగి వస్తుందని ఊరికి భయం పట్టుకుంది. నాంచారికి రాయి నిలబెట్టి, పసుపు పూసి, కొమ్మయ్యను పాట కట్టమన్నారు.

"కడతాను," అన్నాడు కొమ్మయ్య. "రాళ్ళు వేసినవారందరూ వరుసగా మీ పేర్లు చెప్పండి. అన్నిటికీ ప్రాస కుదురుస్తాను."

ఆ రాత్రే రాయి పీకి ఏట్లో పారేశారు. అందుకే నాంచారికి గుడి లేదు, జాతర లేదు, పాట లేదు.

అయినా ఆ ఏటి ఒడ్డున నాంచారి తరవాత వచ్చిన గాజులమ్మలు ఒక పద్ధతి పాటిస్తారు. కొత్త గాజు ఎక్కించే ముందు చేతిని పట్టుకొని, పక్కవారికి వినబడకుండా, "నిన్నెవరైనా ఏమైనా చేశారా, తల్లీ?" అని అడుగుతారు. చాలామంది లేదని తల ఊపుతారు. కొందరు ఊపరు.

అప్పుడు గాజులమ్మ బేరం ఆపుతుంది. మలారం మూస్తుంది. ఆ చెయ్యి మాత్రం వదలదు.