తిప్పన్న చెక్క మీద ఐదో గాటు

వెనకటికి ఒక రాజ్యంలో బండి అడ్డదిడ్డంగా తోలినా, నిలిపినా, బండివాడి అనుమతి చెక్క మీద ఒక గాటు పెట్టేవారు. ఐదు పడితే ఇక బండి తోలకూడదు. ఏడాది దాటిన గాటు మాత్రం లెక్కలోకి రాదు.

తిప్పన్నకి పాత గాట్లు నాలుగున్నాయి. ఒకరోజు సంతలో బండి అడ్డంగా నిలిపాడని బాటల అధికారి పట్టుకున్నాడు.

"పాతవి మూడేళ్ల నాటివి దొరా!"

"వాటి మీద తేదీ ఉందా? నిన్న పెట్టినవే అంటాను."

తిప్పన్న చెక్క చాచాడు. "అయితే ఐదోదీ పెట్టండి."

అధికారి చాకు తీసి కసిగా పెట్టాడు. తిప్పన్న చెక్కని జనానికి ఎత్తి చూపించాడు. నాలుగు గాట్లు బండి కందెన పట్టి నల్లగా ఉన్నాయి. ఐదోది కొబ్బరి ముక్కలా తెల్లగా ఉంది.

"నిన్నటివి ఏవో మీరే చూపించండి దొరా."

జనం గొల్లున నవ్వారు. అధికారి పొమ్మని చెయ్యి ఊపాడు.

హమ్మయ్య అనుకుని తిప్పన్న బండిని మలుపులో మహా పదిలంగా తిప్పాడు. చాకు ఇంకా అధికారి చేతిలోనే ఉంది మరి.