మొగలిదిబ్బలో తియ్యని నీళ్ళు

సముద్రం ఒడ్డున మొగలిదిబ్బ అనే అడవి ఉండేది. అడవి అంటే పులులు తిరిగే కీకారణ్యం కాదు. ఇసుక దిబ్బలు, వాటి మీద సరుగుడు చెట్లు, అక్కడక్కడ జీడిమామిడి గుబుర్లు, ఒడ్డు వెంబడి మొగలి పొదలు, అంతే. అందులో లేళ్ళు, కుందేళ్ళు, అడవిపందులు, ముంగిసలు, ఒక నక్క, బోలెడన్ని పిట్టలు కాపురం ఉండేవి. ఒక ఏడాది రోహిణి కార్తెలో ఆ అడవికి పెద్ద కష్టం వచ్చింది. అది గట్టెక్కింది కాబట్టి ఇప్పుడు మనం హాయిగా చెప్పుకోవచ్చు.

రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయని పెద్దలు అంటారు. సముద్రం పక్కన ఉండేవాళ్ళు ఆ మాట అంతగా పట్టించుకోరు. ఎంత ఎండ కాసినా మధ్యాహ్నం దాటేసరికి సముద్రం మీద నుంచి చల్లగాలి వస్తుంది, ప్రాణం లేచి వస్తుంది. ఆ వారం మాత్రం ఆ గాలి రాలేదు. పడమటి నుంచి వడగాడ్పు వీచి, సముద్రపు గాలిని ఒడ్డెక్కనివ్వలేదు. ఇసుక పెనంలా కాలింది. కుందేళ్ళు ఒక నీడ నుంచి ఇంకో నీడకు గెంతుకుంటూ వెళ్ళేవి. కాకులు నోళ్ళు తెరుచుకుని కొమ్మల మీద కూర్చునేవి. జంతువులు నీళ్ళు తాగే మడుగు పూర్తిగా ఎండిపోయి, అడుగున బురద పెచ్చులుగా లేచింది.

మడుగు ఎండితే ఏం చెయ్యాలో మొగలిదిబ్బ జంతువులకు తెలుసు. రెండు దిబ్బల నడుమ పల్లంలో చెలమ తీసేవి. చెలమ అంటే ఇసుకలో తవ్విన చిన్న నీటి గుంట. కాస్త లోతు తవ్వితే ఇసుక తడిగా తగులుతుంది. ఇంకో జానెడు తీస్తే అడుగున నీరు ఊరుతుంది. సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా ఆ నీటిలో ఉప్పు ఉండదు, కొబ్బరి నీళ్ళలా తియ్యగా ఉంటుంది. కాకపోతే అది నిదానంగా ఊరుతుంది. ఒకరు తాగాక, మళ్ళీ నిండేదాకా రెండోవారు కాచుకోవాలి. పిల్లలు, పాలిచ్చే తల్లులు ముందు తాగాలి. మిగిలినవి వరసలో నిలబడాలి. అక్కడి పద్ధతి అది.

చెలమ తీసే పని గండికోర అనే అడవిపందిది. దానికి బలమైన మెడ, వంకర తిరిగిన కోరలు ఉన్నాయి. పని బాగా చేసేది, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ తన అంత బాగా తవ్వేవారు ఈ తీరంలోనే లేరని రోజూ తనే చెప్పుకునేది. వేరేవాళ్ళు చెప్పేదాకా ఆగే ఓపిక దానికి లేదు.

ఆ వారం అందరికీ దాహం పెరిగింది, చెలమలో ఊట తగ్గింది. అందరికంటే ఎక్కువ అవస్థ చుక్కమ్మ అనే లేడిది. ఎండలు ముదరడానికి కాస్త ముందే అది ఒక కూనను ఈనింది. తల్లికి నీరు చాలకపోతే పాలు పడవు. పాలు లేకపోతే కూన ఆ ఎండకు బతకదు. చుక్కమ్మ ఎండుగడ్డి నములుతూ, మాటిమాటికీ తల తిప్పి తన పొదుగు చూసుకుని భయపడేది.

గండికోరకు వరసలో నిలబడటం అస్సలు గిట్టేది కాదు. తవ్వింది తనైతే ఆఖరున తాగేది కూడా తనేనా అని గొణిగేది. ఒక ఉదయం చెలమ గట్టు ఎక్కి అందరినీ పిలిచింది.

"జానెడు లోతులో ఇన్ని నీళ్ళుంటే, నిలువు లోతులో ఎన్ని ఉండాలి? మన తాతలు పైపైన గీకి సరిపెట్టుకున్నారు. నేను బావి తవ్వుతాను. ఇక వరసలూ ఉండవు, వంతులూ ఉండవు" అంది.

నక్క అందరికంటే ముందు మెచ్చుకుంది. పొగిడితే నీళ్ళ దగ్గర మంచి చోటు దొరుకుతుందని దాని ఆశ. గండికోర కోరల కోసమే దేవుడు ఇసుకను పుట్టించాడని కూడా అంది. ఆ మాటకు అర్థమేమిటో నాకైతే తెలియదు, పిల్లలూ. గండికోరకు మాత్రం అది చాలా బాగా నచ్చింది.

పైడమ్మ అనే ముంగిస ఒక్కటే ముందుకు వచ్చి వద్దంది. పైడమ్మ ముసలిది. నోరు కాస్త దురుసు, మనసు మంచిది.

"వద్దు అల్లుడూ. పైనున్నది దిబ్బల్లో ఇంకిన వాన నీరు. దాని కింద ఉన్నది సముద్రపు నీరు. పాల మీద మీగడలాగా ఇది దాని మీద నిలిచి ఉంది. లోతుకు పొడిచావంటే రెండూ కలిసిపోతాయి" అంది.

"కిందికి దిగి చూసొచ్చావా అత్తా?" అంది గండికోర.

చూడలేదని, తన తల్లి చెప్పగా విన్నానని పైడమ్మ ఒప్పుకుంది. గండికోర పకపకా నవ్వింది. తవ్వడం చేతకానివాళ్ళు తవ్వొద్దనే అంటారని, ఆలస్యం అమృతం విషమని చెప్పి, తల వంచి పని మొదలుపెట్టింది. మిగతా జంతువులు గండికోర చుట్టూ చేరాయి. వాటిని తప్పు పట్టలేం. గొంతు ఎండినవాళ్ళకు నీళ్ళు చూపిస్తానన్నవాడి మాటే చెవికెక్కుతుంది. కూన కోసం చుక్కమ్మ కూడా గండికోర వైపే నిలబడింది.

సాయంత్రానికి గండికోర వీపు కూడా కనిపించనంత లోతు గొయ్యి అయింది. అడుగు నుంచి బుడబుడమంటూ నీరు పైకి తన్నింది. జంతువులన్నీ గొయ్యిలోకి దిగి కడుపు నిండా తాగాయి. పంది పిల్లలు అందులోనే పొర్లాడాయి. ఉన్నమాట చెప్పాలి కదా, ఆ సాయంత్రం నీరు తియ్యగానే ఉంది. పైడమ్మ కూడా తాగి తన కన్నంలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఒక కుందేలు వచ్చి గుక్కెడు తాగి, ముఖం అదోలా పెట్టింది. గండికోర గబగబా వచ్చి రుచి చూసింది. నీరు ఉప్పగా ఉంది. అందరూ తన వైపే చూస్తున్నారు. నిన్న అంత గొప్పలు చెప్పిన నోటితో ఇప్పుడేం చెప్పాలి?

"తియ్యగానే ఉంది. ఎండకు మీ నాలుకలు చెడ్డాయి" అంది.

అనడంతో ఊరుకోలేదు. నమ్మించడానికి అందరి ముందూ మింగలేక, కక్కలేక పొట్ట నిండా తాగింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఊరికే అన్నారా? దాన్ని చూసి మిగతావి కూడా తాగాయి. తాగినకొద్దీ దాహం ఇంకా పెరిగింది. దాహం పెరిగినకొద్దీ మళ్ళీ వచ్చి అవే తాగాయి.

నక్క మాత్రం ఒక్క చుక్క ముట్టలేదు. పంచదార పానకంలా ఉందని గట్టిగా పొగిడి, జీడిమామిడి గుబురులోకి దూరి, రాలిన జీడిపళ్ళు తింటూ రసం చప్పరించేది. జీడిపళ్ళు మరీ ఎక్కువ తింటే గొంతు గరగరలాడుతుందని మీకు తెలుసు కదా. రెండు రోజుల్లో దాని గొంతు పూర్తిగా పట్టేసింది. పొగడటానికి కూడా మాట రాక, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని తిరిగింది. అడవిలో ఆ వారం దొరికిన చల్లని సంగతి అదొక్కటే.

చుక్కమ్మకు పాలు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. ఒక పొద్దున కూన లేచే ప్రయత్నం చేసి, కాళ్ళు మడిచి పడిపోయింది. పైడమ్మ వచ్చి దాని ముక్కు తాకి చూసింది. ముక్కు పొడిగా ఉంది. ఆ బావి నీళ్ళు మానెయ్యమని చుక్కమ్మను కోప్పడింది.

"గండికోర అన్న తియ్యగా ఉన్నాయంటున్నాడు కదా అత్తా. నా నాలుకే చెడిందేమో అనుకున్నాను" అంది చుక్కమ్మ.

పైడమ్మ దూరంగా, దిబ్బకు అవతలి పక్కన కొత్త చెలమ తీయబోయింది. దాని పాదాలు చిన్నవి. పిడికెడు తీసేలోపు పొడి ఇసుక దోసెడు జారి గుంటను కప్పేసేది. ఆ పని తన వల్ల కాదని దానికి అర్థమైంది. తిన్నగా గండికోర దగ్గరికి వెళ్ళింది. గండికోర నాలుక వాచిపోయి, సరుగుడు నీడలో కళ్ళు మూసుకుని పడి ఉంది.

"అల్లుడూ, నీ బావి నీళ్ళు ఎలా ఉన్నాయి?" అని అడిగింది.

"తియ్యగా ఉన్నాయి" అంది గండికోర కళ్ళు తెరవకుండానే.

"అయితే ఆ మాట చుక్కమ్మ కూన దగ్గరికొచ్చి చెప్పు. నువ్వన్నావనే దాని తల్లి ఇంకా అవే తాగుతోంది."

గండికోర లేచి వెళ్ళింది. కూన ఇసుకలో పడుకుని ఉంది. గండికోర వంగి చూస్తే, దాని మూతికి అంటిన బావి నీటి తడి కూనకు తగిలింది. కూన ఆశగా తల ఎత్తి ఆ తడిని నాకింది. ఉప్పు తగిలి, ముఖం తిప్పుకుని, మళ్ళీ తల వాల్చేసింది. గండికోర గిరుక్కున వెనక్కి తిరిగింది. పరుగున పోయి బావి గట్టు మీద నిలబడి అందరినీ పిలిచింది.

"ఎవరూ ఈ నీళ్ళు తాగకండి. ఇవి ఉప్పునీళ్ళు. మొదటి పొద్దునే నాకు తెలిసింది. సిగ్గేసి చెప్పలేదు. తప్పు నాదే" అంది.

జంతువులకు ఒళ్ళు మండింది. దాన్ని అడవి నుంచి తరిమెయ్యాలని కొన్ని అరిచాయి. తిట్లకేం తొందర లేదని, ముందు గొయ్యి పూడ్చి కొత్త చెలమలు తియ్యాలని పైడమ్మ వాటిని ఆపింది. దిబ్బకు అవతల, సముద్రానికి దూరంగా చోటు చూపించింది. పొడి ఇసుక జారిపోకుండా కుందేళ్ళు మొగలి ఆకులు తెచ్చి గట్టు చుట్టూ అడ్డం పెట్టాయి.

గండికోర తవ్వింది. పైడమ్మ గట్టు మీద కూర్చుని చూసింది. తడి ఇసుక వచ్చింది. ఇంకో జానెడు తీశాక అడుగున నీరు మెరిసింది. గండికోర అలవాటు చొప్పున ఇంకో పోటు పొడవడానికి మెడ బిగించింది.

"చాలు" అంది పైడమ్మ.

గండికోర కోరలు ఇసుకకు ఆనే ముందే ఆగిపోయాయి. ఎవరో ఆగమంటే అది ఆగడం అదే మొదటిసారి. వెనక్కి జరిగి నిలబడింది. నీరు నెమ్మదిగా ఊరి, ఇసుక కిందికి దిగి, చివరకు అడుగు కనిపించేంత తేటగా నిలిచింది. ముందుగా చుక్కమ్మ తాగింది. అది నిండేదాకా ఆగి మళ్ళీ తాగింది. అందరి గొంతులూ ఎండిపోతున్నా ఒక్కటి కూడా వరస దాటి ముందుకు రాలేదు. గండికోర ఈలోగా దూరదూరంగా ఇంకొన్ని చెలమలు తీసింది, ప్రతిచోటా పైడమ్మ చాలన్న దగ్గరే ఆగింది.

మర్నాటి సాయంత్రానికి చుక్కమ్మకు మళ్ళీ పాలు చేపాయి. కూన మోకాళ్ళ మీద లేచి, పొదుగు అందుకుని, తోక ఊపుతూ గుటగుటా తాగింది. ఆ చప్పుడు విని జంతువులన్నిటికీ ప్రాణం కుదుటపడింది. ముసలి పైడమ్మ కళ్ళు తుడుచుకుంది. ఎందుకని అడిగితే కంట్లో ఇసుక పడిందని చెప్పింది.

అందరూ తాగాక గండికోర వంతు వచ్చింది. కొన్ని రోజుల తరువాత దాని నాలుకకు తియ్యని నీరు తగిలింది. నీళ్ళు ఎలా ఉన్నాయని ఒక కుందేలు కొంటెగా అడిగింది. తన మాట నమ్మవద్దని, ఎవరి నాలుకతో వాళ్ళే రుచి చూసుకోమని గండికోర అంది. అందరూ నవ్వారు, అదీ నవ్వింది.

అప్పుడే సరుగుడు చెట్లు సముద్రం వైపు నుంచి సుయ్యిమన్నాయి. జంతువులన్నీ తలలు అటు తిప్పాయి. వడగాడ్పు తగ్గి, చల్లగాలి దిబ్బలెక్కి వచ్చింది. కాకులు నోళ్ళు మూసుకున్నాయి. కుందేళ్ళు నీడ వదిలి బయట ఇసుకలో వెల్లకిలా పడుకున్నాయి. చుక్కమ్మ కూన ఆ గాలికి ఎదురు పరుగెత్తింది, పడింది, మళ్ళీ లేచి పరుగెత్తింది. గండికోర దాని వెనకాలే పరుగెత్తింది, పడితే లేపడానికి.

నీతి: చాలినంత దగ్గర ఆగనివాడు ఉన్నది కూడా పాడు చేసుకుంటాడు; చేసిన తప్పును దాచేవాడు తనతో పాటు నమ్మినవాళ్ళను కూడా ముంచుతాడు.